మూడు ఊళ్లు... ఒకే కథ!

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోవే. ఆ రోజున కొత్త జిల్లాలు పుట్టాయి. ఎవరి కలెక్టరాఫీసు వారికి వచ్చింది. హన్మకొండలో కలిసి డిగ్రీ చదివి, ఒకే గదిలో వండుకుతిన్న ముగ్గురు మిత్రులు చదువు కాగానే ఈ మూడు ఊళ్లకూ చేరారనుకోండి. జనగామ నుంచి మానుకోటకు రైలుంది. భూపాలపల్లికి అదీ లేదు. హన్మకొండలో బస్సెక్కి, పరకాల మీదుగా వెళ్లాల్సిందే. ఈ కొస నుంచి ఆ కొసకు వంద కిలోమీటర్ల పైమాటే.

మొదట్లో రోజూ ఫోన్లు. తరవాత వారానికోసారి. ఆ తరవాత...

''ఎట్లున్నవ్ రా?''

''మంచిగున్న. నువ్వు?''

''మంచిగనే ఉన్న.''

ఆ పైన ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచదు. వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలు, పండక్కి శుభాకాంక్షలు, ఎవరి పుట్టినరోజుకో కేకు బొమ్మ. గొడవేమీ జరగలేదు. ఒకరంటే ఒకరికి ఇష్టం తగ్గలేదు. కానీ కలిసి చేసే పని అంటూ ఒక్కటీ మిగల్లేదు. ఒకప్పుడు కలిసి వంట చేశారు, కలిసి సినిమాకెళ్లారు, కలిసి పరీక్షలకు భయపడ్డారు. ఇప్పుడు ఒకరి క్షేమం ఒకరు కనుక్కోవడమే పని. స్నేహం అలాగే పలచబడిపోతుంది. చాలామందికి ముప్ఫై ఏళ్లు దాటాక గానీ ఆ సంగతి తెలిసిరాదు!

ఈ బాధ మనకే కాదు, అమెరికాలోనూ ఉంది. రైలీ డటన్, నోలన్ జోన్స్, రిచర్డ్ జయాస్ కాలేజీలో ఒకే గదిలో ఉన్న మిత్రులు. చదువు పూర్తయ్యాక తలోదారీ అయ్యారు. వాళ్లకు కాలేజీ రోజుల నుంచీ ఓ ఆట అలవాటు... బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ అల్లుకునే ఆట. ఎవరి ఊళ్లో వాళ్లున్నా ఆ ఆట ఆగకూడదని, ఇంటర్నెట్‌లోనే ఓ బల్ల తయారుచేసుకున్నారు. దాని పేరు రోల్20. తమకోసం మొదలెట్టిన పనిని నలుగురికీ పంచుదామని 2012లో కిక్‌స్టార్టర్‌లో చందాలు అడిగితే, అడిగినదానికన్నా ఎన్నో రెట్లు వచ్చింది. అంటే, దూరమైపోయిన మిత్రులు ప్రపంచమంతటా ఉన్నారన్నమాట!

ఇంతకీ ఏమిటీ ఆట?

దీన్ని 'టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే వేషాల ఆట. ఆడేవాళ్లు నలుగురైదుగురు ఉంటే చాలు. వాళ్లలో ఒకరు సూత్రధారి. లోకం ఎలా ఉందో, ఎదురుగా ఏముందో చెప్పడం ఆయన పని. మిగతావాళ్లకు తలా ఒక పాత్ర. ఆ పాత్ర ఏం చేస్తుందో చెప్పాల్సింది ఆ మనిషే, సూత్రధారి కాదు. తెగని చోట పాచికలు తేలుస్తాయి. వీడియోగేమ్‌లో బొమ్మ చూపించిన దారిలోనే వెళ్లాలి. ఇక్కడ అలాంటి గోడలుండవు. తలుపు తెరవచ్చు, తట్టవచ్చు, తలుపుతో పనేంటని పక్కింటి పెద్దమనిషిని పిలుచుకురావచ్చు.

మన ముగ్గురు మిత్రులకు మరొకరు తోడై, ఫోన్లో ఈ ఆట ఆడుతుంటే ఇలా సాగుతుంది...

సూత్రధారి: ''పొద్దుగూకింది. చెరువు కట్ట మీద మీరు ముగ్గురే ఉన్నరు. తూము కాడ ఎవరో గడ్డపారతో తవ్వుతున్న సప్పుడు ఇనబడుతుంది. ఏం చేస్తరు?''

జనగామ: ''నేను సప్పుడు చేయకుంట ఎనకకెల్లి పోత.''

మానుకోట: ''ఆగురా! దొంగనో, తూము బాగు చేయనీకి వచ్చినోడో ఎవలకెరుక? ముందు మాట్లాడుదాం.''

జనగామ: ''మాట్లాడేలోపల కట్ట తెగుతది. నేను పోతున్న.''

సూత్రధారి: ''సరే, పాచికలెయ్యి.''

రెండు పాచికలు దొర్లాయి. ఐదు, మూడు... ఎనిమిది.

సూత్రధారి: ''పోయినవ్. ఆయన నిన్ను చూడలే. గాని కాలు జారి నీ చేతుల ఉన్న లాంతరు చెరువుల పడ్డది. ఇగ చీకట్లనే ఉండాలె.''

భూపాలపల్లి: ''తవ్వేటోని మొఖం కనబడుతుందా?''

సూత్రధారి: ''కనబడుతుంది. మీ ఊరి నీరటి ఆయన.''

ఒక్క క్షణం ముగ్గురూ మాట్లాడరు. చెరువును కాపాడాల్సిన నీరటే తూము ఎందుకు తవ్వుతున్నాడు? ఎవరైనా బెదిరించారా? కింద పొలాలు ఎండిపోతుంటే చూడలేకపోయాడా? పట్టుకోవాలా... సాయం చెయ్యాలా? సమాధానం ఎక్కడా రాసిపెట్టి లేదు. ముగ్గురూ వాదించుకుని తేల్చుకోవాల్సిందే. ఇందాకటి 'మంచిగున్న... మంచిగనే ఉన్న' ముచ్చటకూ, దీనికీ తేడా చూశారుగా!

ఎనిమిదికి అర్థమేంటి?

ఇందులోని పాచికల లెక్క చాలా తేలిక. రెండు మామూలు పాచికలు వేసి కూడాలి. పది, ఆపైన వస్తే అనుకున్నది అనుకున్నట్టు అయినట్టే. ఏడు నుంచి తొమ్మిది మధ్య వస్తే పని అవుతుంది గానీ, దానికో మూల్యం ఉంటుంది. లాంతరు నీళ్లలో పడింది అందుకే. ఆరు, అంతకన్నా తక్కువైతే కొత్త చిక్కు మొదలు. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ దంపతులు 2010లో తెచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' అనే ఆట నుంచి ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

లెక్క కట్టి చూడండి. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు. వాటిలో పూర్తి విజయం ఆరింటికే. పదిహేనింటికి సగం విజయం, పదిహేనింటికి చిక్కు. అంటే పని సాఫీగా జరిగిపోవడం అరుదు. ఏదో ఒకటి పోగొట్టుకుంటూ, ఏదో ఒకటి గెలుచుకుంటూ ముందుకెళ్లడమే ఎక్కువ. అందుకే కథ ఆగదు. మన జీవితాలూ ఇంచుమించు ఇదే లెక్కన నడుస్తున్నాయని ఎవరైనా అంటే కాదనలేం!

దీనికి ప్రత్యేకమైన సామగ్రి అక్కర్లేదు. ఇంట్లో వైకుంఠపాళికి వాడే పాచికలు రెండుంటే చాలు. అమెరికా ఆటల్లో నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలూ ఉంటాయి. ఇరవై ముఖాలదాన్ని వేస్తే ఏ అంకె పడే అవకాశమైనా నూటికి ఐదే. అవి దొరక్కపోయినా ఫోన్లో వేసుకోవచ్చు.

పుట్టుకే దూరంలో!

దూరాన ఉన్న మిత్రులు ఈ ఆట ఆడటం కొత్త వింతేమీ కాదు. అసలు ఈ ఆట పుట్టిందే అలా. గ్యారీ గైగాక్స్‌ది విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా. బీమా కంపెనీ ఉద్యోగం పోయాక బూట్లు బాగుచేస్తూ, యుద్ధాల ఆటలు రాసేవాడు. డేవ్ ఆర్నెసన్ ఉండేది మినెసొటాలోని జంట నగరాల్లో. ఇద్దరి మధ్యా దాదాపు 500 కిలోమీటర్ల దూరం. ఇంటర్నెట్ లేని రోజులు. ఉత్తరాలు, ఫోన్లే ఆధారం. వాళ్లు కలిసి తయారుచేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' 1974లో బయటికొచ్చింది. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. మొదట అచ్చేసింది వెయ్యి ప్రతులే. చేత్తో సర్ది అమ్మారు. ఆ హక్కులు చేతులు మారి, 1999లో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో గూటికి చేరాయి.

దీనికి ముందూ ఓ చరిత్ర ఉంది. 1824లో ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకు 'క్రీగ్‌స్పీల్' అనే యుద్ధపు ఆట వచ్చింది. అందులో ఇరు పక్షాల మధ్యా కూర్చుని ఫలితం చెప్పే మధ్యవర్తి ఒకరుండేవారు. ఇప్పటి సూత్రధారికి ఆయనే తాత. పోస్టులో ఎత్తులు పంపుకుంటూ చదరంగం ఆడటమూ పాతదే. 1970లో అమెరికాలో రిక్ లూమిస్ పోస్టు ద్వారా ఆటలు నడపడాన్ని ఓ వ్యాపారంగానే మొదలెట్టాడు. కవరు వచ్చేదాకా ఎదురుచూపులు... ఎత్తు వేసి మళ్లీ పోస్టు డబ్బాలో వేయడం!

తరవాత ఈమెయిళ్లు, వీడియో కాల్స్ వచ్చాయి. 2020లో కరోనా తలుపులు మూయించినప్పుడు, బల్ల చుట్టూ కూర్చునేవాళ్లు కూడా తెర ముందుకు చేరారు. 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్ చూసినవాళ్లకు మొదటి భాగంలో పిల్లలు నేలమాళిగలో కూర్చుని ఆడేది గుర్తుండే ఉంటుంది. అది ఈ ఆటే.

పాచికలంటే జూదమేనా?

ఆన్‌లైన్, ఆట, పాచికలు... ఈ మూడు మాటలూ ఒకేసారి వినబడితే మన ఇళ్లలో పెద్దవాళ్ల గుండె గుభేలుమంటుంది. తప్పేం లేదు. పాచికలనగానే గుర్తొచ్చేది శకుని. ఆన్‌లైన్ ఆట అనగానే గుర్తొచ్చేది రమ్మీ. ఫోన్లో పేకాడి జీతం పోగొట్టుకున్నవాళ్లు, అప్పుల పాలైనవాళ్లు ఎందరో. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2017లోనే చట్టం సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది.

ఈ ఆటలో పందెం ఉండదు. అసలు ఒకరు గెలిచి మరొకరు ఓడటమే ఉండదు. అందరూ ఒకే పక్షం. సూత్రధారి సైతం శత్రువు కాడు. చిక్కులు తెచ్చిపెట్టేది ఆయనే, వాటిలోంచి మిత్రులు ఎలా బయటపడతారా అని అందరికన్నా ఆత్రంగా చూసేదీ ఆయనే. కాబట్టి ఇంట్లో అడిగితే దాచుకోవాల్సిన పనిలేదు. స్పీకరు పెట్టి వినిపించొచ్చు. కాసేపు విన్నాక ''ఆ నీరటోణ్ని ఎందుకురా పట్టుకుంటరు, పాపం!'' అని అమ్మే కలగజేసుకున్నా ఆశ్చర్యం లేదు.

అమెరికాలోనూ 1980ల్లో తల్లిదండ్రులు భయపడ్డారు. ఈ ఆట పిల్లల్ని దయ్యాల పూజలవైపు లాగుతోందని పెద్ద దుమారమే రేగింది. ఆ ఆరోపణలేవీ నిలబడలేదు. ఆనాడు ఆడిన పిల్లలే పెద్దయి ఇప్పుడు తమ పిల్లలతో ఆడుతున్నారు.

అయితే ఒక జాగ్రత్త. డబ్బు పోకపోయినా కాలం పోతుంది. రాత్రి పన్నెండు దాటినా కథ వదలబుద్ధి కాదు. మొదలెట్టే వేళ ఎంత ముఖ్యమో, ముగించే వేళా అంతే ముఖ్యం.

అసలు శత్రువు... క్యాలెండర్

ఈ ఆటలు ఆడేవాళ్లను కథలో అన్నిటికన్నా భయంకరమైన రాక్షసుడెవరని అడిగితే నవ్వుతూ చెప్పే జవాబు ఒకటే. నలుగురికీ ఒకేరోజు తీరిక దొరకడం! భూపాలపల్లి మిత్రుడు సింగరేణిలో చేరాడనుకోండి. షిఫ్టులు మారుతుంటాయి. ఈ వారం రాత్రంతా డ్యూటీ, పగలు నిద్ర. జనగామ మిత్రుడికి దుకాణం. ఆదివారమే గిరాకీ ఎక్కువ. మానుకోటలో ఉన్నాయనకు మిర్చి పంట మార్కెట్టుకొచ్చే రోజుల్లో ఊపిరాడదు. 'ఎప్పుడో ఒకప్పుడు కూర్చుందాం' అనుకుంటే ఎప్పటికీ కూర్చోలేరు.

అనుభవం ఉన్నవాళ్లు పాటించే పద్ధతులు కొన్ని ఉన్నాయి. రోజు ముందే ఖాయం చేసుకోవాలి. పదిహేను రోజులకోసారి, రెండు గంటలు... అంతే. ఒకరు రాకపోయినా ఆట ఆపకూడదు. ఆ పాత్ర జ్వరంతో సత్రంలో పడుకుందని చెప్పి కథ నడిపించాలి. ఆపడం మొదలైతే అది ఆగిపోవడంతోనే ముగుస్తుంది. మొదటిసారే పెద్ద కథ ఎత్తుకోకుండా మూడు నాలుగు సిటింగుల్లో అయిపోయేది ఎంచుకోవాలి. ఎవరేం చేశారో ఒకరు నోటుపుస్తకంలో రాసిపెట్టాలి. పదిహేను రోజులయ్యాక నీరటి ఏమన్నాడో ఎవరికీ గుర్తుండదు మరి!

ఎంతకూ వేళ కుదరకపోతే పోస్టు కాలంనాటి పద్ధతే ఉంది. గ్రూపులో సూత్రధారి పొద్దున ఓ మాట చెబుతాడు. షిఫ్టు దిగాక ఒకరు, దుకాణం కట్టేశాక ఒకరు వాయిస్ మెసేజ్‌లో జవాబిస్తారు. రోజుకు ఒక్క అడుగు. కథ నెమ్మదిగానే నడుస్తుంది కానీ నడుస్తుంది. దీనికి డేటా ఖర్చూ తక్కువే. వీడియో లేకుండా మాట మీద ఆడినా ఏ లోటూ ఉండదు. పటాలు, బొమ్మలు కావాలనుకునేవాళ్లకు రోల్20లో ఉచితంగా ఆడుకునే వీలుంది. మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ ఉంది.

మొదటి సిటింగులో ఆట ఆడరు. మాట్లాడుకుంటారు. ఎలాంటి కథ కావాలి, ఏది వద్దు? ఇంట్లో ఈమధ్యే ఓ చావు చూసినవాళ్లుంటే కథలో చావు వద్దనొచ్చు. కులం పేరుతో, ఆడవాళ్లను కించపరుస్తూ జోకులు వద్దని ముందే గీత గీసుకోవచ్చు. మధ్యలో ఎవరికైనా ఇబ్బందనిపిస్తే కారణం చెప్పకుండానే 'ఇది వద్దు' అనే హక్కు ఉంటుంది. ఎదురుగా ఉంటే మొహం చూసి కనిపెట్టవచ్చు. ఫోన్లో మొహం కనబడదు. అందుకే దూరం నుంచి ఆడేవాళ్లకు ఈ గీత మరీ అవసరం.

రాక్షసులు మనకు లేరా?

ఈ ఆటల నియమాల పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషువే. కథలన్నీ కోటలు, గుహలు, నిప్పులు కక్కే డ్రాగన్లు. అవి మనకెందుకనిపిస్తే మార్చేసుకోవచ్చు. ఇక్కడో మంచి కబురుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. దాని మూలాన్ని పేర్కొంటే చాలు... ఎవరైనా ఆ నియమాలను తెలుగులోకి తెచ్చుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా.

ఇక కథలంటారా? ఈ మూడు జిల్లాల్లో వెతకాల్సిన పనే లేదు. జనగామ దగ్గర ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఉంది. మొగలాయి ఫౌజులను ఎదిరించిన గీతకార్మికుడి కథకు అంతకన్నా మంచి రంగస్థలం ఏముంటుంది? మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు దగ్గర గణపతిదేవుడి సోదరి మైలాంబ శాసనం కాకతీయుల వంశావళి చెబుతుంది. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్లున్నాయి. రేగొండ దాటితే పాండవుల గుట్టల్లో ఆదిమానవుడు వేసిన బొమ్మలున్నాయి. ఆ బొమ్మ ఎవరు వేశారు, ఎవరికోసం వేశారు? అక్కడి నుంచే ఓ కథ మొదలెట్టొచ్చు.

వేషం కట్టి కథ చెప్పడమూ ఇక్కడి మట్టికి కొత్త కాదు. ఒగ్గు కథకు పేరు తెచ్చిన చుక్క సత్తయ్యది జనగామ దగ్గర మాణిక్యాపురమే. 2017లో కన్నుమూసేదాకా ఆయన పేరు చెబితే ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చేవి. ఒగ్గు కథలో ఒకే మనిషి రాజవుతాడు, రాణవుతాడు, మరుక్షణం మళ్లీ కథకుడవుతాడు. పక్కవాళ్లు వంత పాడుతూనే తామూ పాత్రలైపోతారు. గొర్రెలు మేపే మల్లన్న కథలో చివరికేం జరుగుతుందో వినేవాళ్లందరికీ తెలుసు. తెలిసినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఈ ఆటలో మాత్రం చివరికేం జరుగుతుందో కథ నడిపేవాడికీ తెలియదు. తేడా అంతే!

తెలుగులో ఆడితే ఇంకో లాభం ఉంది. ఉద్యోగాల్లో పడి మర్చిపోయిన ఇంటి మాట మళ్లీ నోట్లోకొస్తుంది. పటేలు పాత్రకో యాస, నీరటికో యాస, సంతలో బేరమాడే అవ్వకో యాస... ఎవరి అమ్మమ్మను ఎవరు అనుకరిస్తున్నారో మిత్రులకు ఇట్టే తెలిసిపోతుంది!

అందరికీ కుదురుతుందా?

కుదరకపోవచ్చు. రాత్రి రెండు గంటలు ఫోను పట్టుకుని గట్టిగా నవ్వుతూ కూర్చోవడం మగపిల్లలకు చెల్లినట్టు ఆడపిల్లలకు మన ఇళ్లలో చెల్లుతోందా? పెళ్లయ్యాక అసలే కష్టం. స్నేహితురాళ్ల మధ్య దూరానికి కిలోమీటర్లకన్నా ఈ కట్టుబాట్లే పెద్ద కారణం. కాబట్టి గ్రూపులో అమ్మాయిలుంటే వేళ వాళ్లకు వీలైనట్టు పెట్టడం మిగతావాళ్ల బాధ్యత. మాట పెగలని మొహమాటస్తులూ ఉంటారు. వాళ్లకు సూత్రధారి మధ్యమధ్యలో 'నీ పాత్ర ఏం చేస్తోంది?' అని అందించాలి. విశేషమేమిటంటే, తన గురించి నాలుగు మాటలు చెప్పుకోలేని మనిషి పాత్ర మాటున దాక్కుని నలభై మాటలు చెబుతాడు. 'నాకు భయంగా ఉంది' అని మిత్రుడికి ఫోన్ చేసి చెప్పలేనివాడు, పాత్ర నోట అదే మాట అనగలడు. అవతలివాళ్లు ఆ మాట పట్టుకుంటే, ఆట ముగిశాక విడిగా ఫోన్ చేసి అడుగుతారు.

ఈ ఆటకు మందు గుణాలేమీ అంటగట్టక్కర్లేదు. మేడారం జాతరలో భుజాలు రాసుకుంటూ నడిచిన రోజును ఏ తెరా తిరిగి తేలేదు. కానీ ఏడాదికోసారి కలిసినప్పుడు మాట్లాడుకోవడానికి పాత జ్ఞాపకాలు మాత్రమే ఉన్న మిత్రులు వేరు, మొన్న గురువారం ఏం జరిగిందో మాట్లాడుకునే మిత్రులు వేరు. రెండో రకానికి కావాల్సింది పెద్దగా ఏమీ లేదు. రెండు పాచికలు, రెండు గంటలు, ''ఏం చేస్తరు?'' అని అడిగే ఒక్క మనిషి. ఆ అడిగేవారు దొరక్క ఆగిపోయిన గ్రూపులు మీ ఫోన్లోనూ రెండో మూడో ఉండే ఉంటాయి. ఎవరో ఒకరు అడగాలి కదా... ఈసారి మీరే అడిగి చూడండి!